మా బాబుకి ఎందుకు తక్కువేశారు?

వినాయక చవితికి పదిహేను రోజుల ముందు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడు చర్చలు మొదలవుతాయి. చందా ఎంత, లడ్డూ వేలం ఎప్పుడు, పాటల పోటీకి జడ్జీలెవరు. మొదటి రెండింటి మీద అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు. మూడోది రాగానే అందరూ సైలెంట్. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఒకరు "సి బ్లాక్ అమ్మాయికి సంగీతం వచ్చు కదా" అని టైప్ చేస్తారు. నాలుగేళ్ల కిందట ఆ సి బ్లాక్ అమ్మాయిని నేనే అయ్యాను. అప్పట్నుంచీ ఏటా ఆ కుర్చీ నాదే.

నాకు సంగీతం వచ్చు అంటే, రాజమండ్రిలో తొమ్మిదేళ్లు నేర్చుకున్నా. వర్ణాలు అయిపోయి, కృతులు ఓ ఇరవై వచ్చేసరికి ఎంసెట్ ముంచుకొచ్చింది. సంగీతం అక్కడ ఆగింది. ఇప్పుడు మాదాపూర్‌లో బ్యాకెండ్ కోడ్ రాసుకుంటున్నా. కచేరీ చేసేంత సీన్ లేదు, కానీ ఎవరైనా శ్రుతి తప్పితే చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మన కాలనీ పోటీల్లో, ఆఫీసు టాలెంట్ షోల్లో, అమెరికాలో తెలుగు సంఘాల ఉగాది వేడుకల్లో జడ్జీలుగా కూర్చునేది చాలావరకు నాలాంటివాళ్లే. రేపు మీ వంతూ రావచ్చు. "ఆ, మార్కులేగా, వేసేద్దాం" అనుకుని వెళ్లకండి. ఎందుకో చెప్తా.

మా అక్క నాకన్నా బాగా పాడేది. చెల్లెల్ని కాబట్టి అంటున్నానని అనుకోకండి, మా టీచరుగారు కూడా అదే అనేవారు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఊళ్లో ఒక పోటీలో పాడింది. ఆ రోజు జలుబు, గొంతు బొంగురు. పాట అయ్యాక జడ్జిగారు మైకు అందుకుని "ఈ గొంతుకి పాటెందుకమ్మా, చక్కగా డాన్సులో చేరిపో" అన్నారు. హాలంతా నవ్వారు. ఆయనా సరదాకే అన్నారేమో. ఇంటికొచ్చాక అక్క శ్రుతిపెట్టె తీసుకెళ్లి బీరువా పైన పెట్టేసింది. మళ్లీ కిందికి దించలేదు. ఇప్పుడు ఒంగోల్లో బ్యాంకు ఆఫీసరు. దాని కూతురికి రెండేళ్లు. నిద్రపుచ్చాలంటే ఫోన్‌లో లాలిపాట పెడుతుంది. "నువ్వే పాడొచ్చు కదే" అన్నానొకసారి. "నా గొంతు బాగోదు కదా" అంది, ఏదో అందరికీ తెలిసిన విషయం చెబుతున్నట్టు. పద్దెనిమిదేళ్లయింది ఆ జడ్జిగారు ఆ మాటని.

అందుకే మొదటి ఏడాది జడ్జిమెంట్ షీటు చేతికిచ్చినప్పుడు నాకు భయమేసింది. ఎ4 కాగితం మీద ఐదు గళ్లు. శ్రుతి, లయ, ఉచ్చారణ, భావం, ఓవరాల్. ఒక్కోదానికి పది. కామెంట్ రాయడానికి అసలు చోటే లేదు.

ముందు ఆ ఐదో గడి సంగతి. 'ఓవరాల్' అంటే ఏంటో కమిటీలో ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. స్టేజ్ ప్రెజెన్స్ అన్నారొకరు, డ్రెస్ అన్నారొకరు. సెక్రటరీ అంకుల్ అయితే "అదే అమ్మా, మొత్తమ్మీద ఎలా అనిపించిందో" అన్నారు. సమస్యంతా ఆ అనిపించడంలోనే ఉంది. 2013లో చియా జంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. పెద్ద పెద్ద క్లాసికల్ పోటీల ఫైనల్స్ క్లిప్పులు తీసుకుని కొందరికి శబ్దం మాత్రమే వినిపించారు, కొందరికి శబ్దం లేకుండా వీడియో మాత్రమే చూపించారు, కొందరికి రెండూ. ఎవరు గెలిచారో ఊహించమన్నారు. పాట వినకుండా బొమ్మ మాత్రమే చూసినవాళ్లే అసలు విజేతల్ని ఎక్కువగా పట్టేశారు. సంగీతంలో నిపుణులు కూడా అంతే. అంటే ఆ పోటీల జడ్జీలు వింటున్నామనుకుంటూ కళ్లకి కూడా బాగానే మార్కులు వేశారన్నమాట.

అమెరికాలో ఆర్కెస్ట్రాలు ఆడిషన్లలో మధ్యలో తెర కట్టడం ఎప్పుడో మొదలుపెట్టాయి. వాయించేది ఎవరో కనబడకూడదని. మన వినాయకుడి మండపంలో తెర కడితే తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఫొటోలు ఎలా వస్తాయి? కాబట్టి నేను చేసేది చిన్న పని. పల్లవి అయ్యేదాకా తల ఎత్తను. కాగితం మీదే చూపు. పట్టు పరికిణీ, జడగంటలు, చేతుల తిప్పుడు, ఇవన్నీ చరణంలో చూస్తా. అప్పటికే శ్రుతి, లయ గళ్లలో పెన్సిల్‌తో అంకెలు పడిపోయి ఉంటాయి. 'ఓవరాల్' గడిని మాత్రం మూడో ఏడాదికి కొట్టేయించగలిగా. దాని బదులు రెండు లైన్ల ఖాళీ పెట్టించా, కామెంట్ కోసం.

పెన్సిల్ అన్నాను కదా, అది ఊరికే కాదు. మొదటిగా పాడేవాళ్లకి జరిగే అన్యాయం మీరు గమనించారా? ఎంత బాగా పాడినా ఏడు వేస్తాం. ఇంకా మంచివాళ్లు రావచ్చు కదా, పైన కొంచెం చోటుంచుదాం అనుకుంటాం. ముప్ఫయ్యో పాటకి వచ్చేసరికి అదే స్థాయికి ఎనిమిదిన్నర వేసేస్తాం. బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ అని ప్రపంచంలోనే పేరున్న పోటీ ఉంది. పియానో ఫైనల్స్‌లో 12 మంది, రోజుకి ఇద్దరు చొప్పున ఆరు రాత్రులు వాయించేవారు. ఎవరు ఎప్పుడు అనేది లాటరీ. ఆ ఫలితాల్ని ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూస్తే, మొదటి రోజు వాయించినవాళ్లకి పైర్యాంకు వచ్చే అవకాశం తక్కువని తేలింది. వెనకాల వచ్చినవాళ్లకి మెరుగు. ఇంకో సంగతి, ఆ ర్యాంకుని బట్టే తర్వాత రికార్డింగులు, పేరు. అంటే లాటరీ చీటీలో ఏ నంబరొచ్చిందనేది ఒక మనిషి కెరీర్‌ని కాస్త అటూ ఇటూ జరిపేసింది. అంత పెద్ద జడ్జీలకే అలా అయితే మనమెంత!

అందుకని మేం పోటీలో లేని ఇద్దరు పెద్దపిల్లలతో ముందుగా చెరో పాట పాడిస్తాం. వాళ్లకి కూడా మార్కులేస్తాం, ఎక్కడా లెక్కపెట్టం. చెవి కుదురుకోవడానికన్నమాట. తర్వాత చీటీలు తీయిస్తాం. ప్రతి పది పాటలకీ ఐదు నిమిషాల బ్రేక్, ఆ టైంలో మొదటివాళ్ల పెన్సిల్ అంకెలు మళ్లీ చూసుకుంటా. ఇందులో ఒక చిన్న కష్టం ఉంది. చవితి పందిట్లో హంసధ్వని తప్పించుకోలేం. పోయినేడు 43 మంది పాడితే ఏడుగురు 'వాతాపి గణపతిం'. దీక్షితార్ వారి మీద నాకు భక్తే, కానీ ఐదోసారి వచ్చేసరికి జడ్జి ఆవులింత ఆపుకోవాలి. ఆ ఆవులింత ఆ ఐదో పిల్ల తప్పు కాదని షీటు మీద పైనే రాసుకుని కూర్చుంటా.

ఇక శ్రుతి. ఇది కాస్త టెక్నికల్, కానీ కాలనీ పోటీల్లో సగం మందికి మార్కులు పోయేది ఇక్కడే, అదీ వాళ్ల తప్పు లేకుండా. హార్మోనియం మీద తెల్ల మెట్లకి సి దగ్గర్నుంచి 1, 2, 3 అని అంకెలేసుకోండి. సాధారణంగా ఆడవాళ్లు 5, 5½ శ్రుతి దగ్గర పాడతారు, మగవాళ్లు 1, 2 ప్రాంతంలో. ఇప్పుడు ఒక పదేళ్ల పాప యూట్యూబ్‌లో మగ గాయకుడి సినిమా పాటకి కరోకే ట్రాక్ దింపుకుని వస్తుంది. ఆ ట్రాక్ ఆ గాయకుడి గొంతుకి చేసింది. పల్లవి ఎక్కడో కింద పాతాళంలో గొణుగుడు, లేదంటే ఒక స్థాయి పైకెత్తి పాడితే చరణంలో కీచు. విన్నవాళ్లు "పాపకి శ్రుతి లేదు" అంటారు. పాపకి శ్రుతి ఉంది, ట్రాక్‌ది వేరే గొంతు. కాబట్టి పోటీ నోటీసులోనే రాయించండి, ట్రాక్ శ్రుతి పిల్లల గొంతుకి మార్చుకుని రమ్మని. ఫ్రీ యాప్‌లు బోలెడున్నాయి, రెండు నిమిషాల పని. ట్రాక్ లేకుండా పాడేవాళ్లకైతే తంబూరా యాప్ ఆన్ చేసి, "ఒకసారి సా పలుకు నాన్నా" అని అడిగి, అది కుదిరాకే టైమర్ నొక్కాలి.

మైకు కూడా అంతే. స్పీకరు కూసిందా, ఆపి మళ్లీ మొదలుపెట్టించండి. ఇందులో చర్చ లేదు.

కష్టమైన పాటకి ఎక్కువ మార్కులివ్వాలా? మా ప్యానెల్లో ఒక వీణ మాస్టారున్నారు, ప్రభుత్వ స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. ఆయన లెక్కలో పెద్ద కృతి ఎత్తుకోవడమే సాహసం, సాహసానికి విలువుండాలి. నేను ఒప్పుకోను. జిమ్నాస్టిక్స్‌లో కష్టానికి ఒక స్కోరు, చేసిన తీరుకి ఇంకో స్కోరు విడివిడిగా వేస్తారు, మన దగ్గర ఆ వ్యవస్థ లేదు. రెండూ ఒకే గడిలో కలిపేస్తే వచ్చే ఏడాది ప్రతి అమ్మా తన ఎనిమిదేళ్ల పిల్లతో కల్యాణి రాగంలో సంగతులు బట్టీ పట్టిస్తుంది. ఒక చిన్న గీతాన్ని శ్రుతిలో, తాళంలో, ఒత్తులు సరిగ్గా పలుకుతూ పాడిన పిల్లకే నా ఓటు. మాస్టారికీ నాకూ ఈ వాదన ఏటా నడుస్తుంది, టీ తాగుతూ ఆపేస్తాం. మధ్యలో మాట మర్చిపోయినవాళ్ల విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే. మర్చిపోయి ఏడుస్తూ ఆగిపోయినా, 'లలలా' అని తాళం తప్పకుండా లాక్కొచ్చినా ఉచ్చారణలో ఒకటే కోత. కానీ లయ గడిలో రెండోవాళ్లకి నేను పూర్తి మార్కులు వేసేస్తా. అక్షరం పోయినా చేతిలో తాళం పోలేదంటే ఆ పిల్లకి నిజంగా లయ ఉన్నట్టే.

ఇప్పుడు నా ఉద్యోగం పనికొచ్చిన చోటు. ముగ్గురు జడ్జీల మార్కులు కూడేసి ఎక్కువొచ్చినవాళ్లకి ప్రైజు. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది అనుకుంటాం కదా? ఈ ఉదాహరణ చూడండి. పదికి మార్కులు. మొదటి పాపకి మాస్టారు 8, నేను 8, కీబోర్డ్ వాయించే మూడో జడ్జి 5. రెండో పాపకి మాస్టారు 7, నేను 7, ఆయన 9. మొత్తాలు 21, 23. రెండో పాప గెలిచింది. కానీ ముగ్గురిలో ఇద్దరికి మొదటి పాపే బాగా పాడినట్టనిపించింది! ఏమైందంటే మాస్టారూ నేనూ ఆరుకీ ఎనిమిదికీ మధ్యే తిరుగుతాం. ఆయన మూడు నుంచి తొమ్మిది దాకా వాడతారు. ఎవరి అంకెలు ఎక్కువ సాగితే ఫలితం వాళ్ల చేతిలోకి వెళ్లిపోతుంది. ఆయన తప్పేం లేదు, కూడికది. ఒలింపిక్స్ ఫిగర్ స్కేటింగ్‌లో అందరికన్నా ఎక్కువ వేసిన మార్కునీ, తక్కువ వేసినదాన్నీ తీసేస్తారు. ముగ్గురే ఉన్నప్పుడు అలా తీసేస్తే మిగిలేది ఒక్కరే.

నేను చేసిందేంటంటే, ఎక్సెల్‌లో ప్రతి జడ్జి మార్కుల్నీ ముందు ర్యాంకులుగా మార్చేసి, ఆ ర్యాంకులు కూడటం. తక్కువ మొత్తం వచ్చినవాళ్లు గెలిచినట్టు. పై ఉదాహరణలో మొదటి పాపకి 1, 1, 2 కలిపి 4. రెండో పాపకి 2, 2, 1 కలిపి 5. ఫలితం తిరగబడింది చూశారా. దీనికీ లోపం ఉంది. ఎవరైనా మిగతావాళ్లకన్నా ఆకాశమంత ఎత్తులో పాడినా ర్యాంకు ఒకటే కదా, ఆ తేడా కనబడదు. అయినా కాలనీ పోటీకి ఇదే మేలు. ట్రెజరర్ అంకుల్ "ఇంత లెక్కెందుకమ్మా, మూడూ కూడేస్తే పోలా" అన్నారు. లడ్డూ వేలం పాట మాత్రం రూపాయితో సహా రాసుకుంటారు మరి. ఇంకో షరతు కూడా పెట్టించాం. పాడినవాళ్లు మన చుట్టాలో, మన దగ్గర నేర్చుకునేవాళ్లో అయితే ఆ షీటు ఖాళీగా వదిలేయాలి, మిగతా ఇద్దరి సగటే మూడో ర్యాంకు. అందరూ రాసి సంతకం పెట్టేదాకా "ఆ పిల్ల బాగా పాడింది కదూ" అని పక్కకి వంగి గుసగుసలాడకూడదు.

నంబర్ల సంగతి ఇంతే. మిగిలింది ఆ రెండు లైన్ల ఖాళీ. నాకు అసలు పని అదే అనిపిస్తుంది. ప్రైజులు తొమ్మిది మందికి వెళ్తాయి, మిగతా 34 మంది ఇంటికి తీసుకెళ్లేది ఆ కాగితమే.

మొదటి లైన్లో నిజంగా విన్నది ఒకటి రాస్తా. "గుడ్, కీప్ ఇట్ అప్" రాయను. ఆ ముక్క రాస్తే జడ్జి వినలేదని పిల్లలకి కూడా తెలిసిపోతుంది. "రెండో చరణంలో తాళం ఒక్కసారి కూడా పరుగెత్తలేదు" అని రాస్తే అది వాళ్లదే అయిన సంగతి. రెండో లైన్లో రేపు ఇంట్లో చేయగలిగింది ఒకటే ఒకటి. "పైషడ్జం దగ్గర కిందికి జారుతోంది, అర శ్రుతి తగ్గించి పాడి చూడు." "ళ, ల రెండూ ఒకేలా పలుకుతున్నావు, పాటని వచనంలా ఐదుసార్లు చదువు." గొంతు బాగుంది, బాగోలేదు అనే మాట రాయను. గొంతు గురించి జడ్జి ఏమన్నా ఆ పిల్ల ఏం చేయగలదు? ఇంట్లో మాట్లాడే యాస పాటలో వినబడితే దాన్నీ తప్పుపట్టను. జానపదం పాడిన కరీంనగర్ పిల్లకి "భాష సరిచూసుకో" అని రాసే జడ్జిని నేను స్వయంగా చూశా. ఆ పాటకి ఆ భాషే ప్రాణం.

మైకులో అందరి ముందూ సరిదిద్దొచ్చు కదా అంటారు కొందరు, 'పాడుతా తీయగా' చూసి. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలో బాలు గారు తప్పు చెప్పాలంటే ముందు ఆ పాట ఎవరు రాశారు, స్వరం ఎవరిది అని కథ చెప్పేవారు. తర్వాత ఆ సంగతి తనే పాడి చూపించేవారు. తప్పు చేసిన పిల్లాడు నవ్వుతూ నేర్చుకునేవాడు. ఆ నేర్పు కోటికొకరికి. మనకి మైకిస్తే మా అక్కకి చెప్పిన మాటలే వస్తాయి. ఆయనకీ పోటీల జ్ఞాపకాలుండేవి. గూడూరులో ఒక పోటీలో తనకి రెండో బహుమతి వస్తే, అతిథిగా వచ్చిన ఎస్.జానకి గారు ఇతనికే మొదటిది రావాల్సింది అన్నారని చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత మద్రాసులో ఇంజినీరింగ్ కుర్రాడిగా పోటీలో పాడినప్పుడు విని పట్టుకున్నది కోదండపాణి గారు. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో తొలి పాట ఆయన సంగీతంలోనే. బాలు గారు తన రికార్డింగ్ స్టూడియోకి కోదండపాణి పేరే పెట్టుకున్నారు. ఒకరు సరిగ్గా విన్నందుకు.

పోయినేడు ఫలితాలు చెప్పేశాక, ఒకాయన ఫోన్‌లో వీడియో పట్టుకుని నా దగ్గరికొచ్చారు. "మా బాబుకి ఎందుకు తక్కువేశారు మేడమ్? రెండేళ్లు వరసగా ఫస్ట్ వాడే." వెనకాల వాళ్లబ్బాయి. పదమూడేళ్లుంటాయి, ఏడాదిలో జానెడు పొడుగయ్యాడు. పాటలో మూడు చోట్ల గొంతు చీలిపోయింది, నాలుగోచోట ఆపేశాడు. అంతకుముందు రెండేళ్లూ పాడిన 5 శ్రుతిలోనే వాళ్లమ్మ ట్రాక్ పెట్టారు.

వీడియో చూడలేదు నేను. షీటు తీసి ఇచ్చా. "తాళం, ఉచ్చారణ అందరిలోకీ నీదే బాగుంది. గొంతు మారుతోంది, పాత శ్రుతి వదిలెయ్. పైకి వెళ్లకుండా, హాయిగా పలికే చోటే రోజూ పది నిమిషాలు సరళీ స్వరాలు." ఆయన రెండుసార్లు చదివారు. "అంటే... వీడింక పాడలేడా?" అన్నారు, గొంతు తగ్గించి. అబ్బాయి నేల చూస్తున్నాడు. వాడికి ఇంట్లో ఎవరూ ఇది చెప్పినట్టు లేదు.

మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చారు. "నాక్కూడా పోయిందయ్యా ఈ వయసులో, ఏడాది పట్టింది" అన్నారు. "మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. దిగనీ. అరిచి పైకి లాగొద్దు, అంతే. పాడటం మాత్రం ఆపకూడదు."

"మరి ఏ శ్రుతిలో పాడాలి ఆంటీ?" అన్నాడు వాడు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, ఆ మాట వదిలేశా. ఫోన్‌లో తంబూరా యాప్ తీసి 3 పెట్టా. గొంతులో రాయి పడ్డట్టు ఆగిపోయాడు. 2½, కాస్త నయం. షామియానా వాళ్లు మా చుట్టూ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నారు, టపటపా ఒకటే చప్పుడు. 2 పెట్టా. "సా" అన్నాడు. ఎక్కడా చీలలేదు. వాళ్ల నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆ యాప్ పేరేంటో చెప్పండి మేడమ్" అన్నారు.